ఎస్తేరు మేడమ్ కవరు

ఎవరైనా దయ్యాల కథ మొదలుపెడితే, "నువ్వు చూశావా, ఎవరో చెప్తే విన్నావా?" అని మధ్యలోనే అడ్డుపడే మనిషిని నేను. చనిపోయినవాళ్ళు కల్లోకి వచ్చారని చెప్తే రాత్రి ఏం తిన్నావని అడుగుతాను. అందుకే ఈ సంగతి ఇన్నాళ్ళూ రాయలేదు. రాస్తే అందరికంటే ముందు నన్ను నేనే వెక్కిరించుకోవాలి.

ఇది జరిగింది సికింద్రాబాద్‌లో, పట్టపగలు, ట్యూబ్‌లైట్లు వెలుగుతున్న కంప్యూటర్ ల్యాబ్‌లో. నాతో కలిపి పన్నెండు మంది విద్యార్థులం అక్కడే ఉన్నాం.

అప్పుడు నేను యూనివర్సిటీలో నెట్‌వర్క్ సెక్యూరిటీ ఎంటెక్ చదువుతున్నాను. క్రిప్టోగ్రఫీ, అంటే సమాచారానికి తాళం వేసే విద్య, మాకు ఎస్తేరు మేడమ్ చెప్పేవారు. పుట్టింది కోస్తాలో, కాపురం మారేడ్‌పల్లిలో. అంత బాగా పాఠం చెప్పే మనిషిని నేను మళ్ళీ చూడలేదు. లెక్క తప్పు చేస్తే బోర్డు మీద చెరపనిచ్చేవారు కాదు. "ఉండనివ్వమ్మా, పక్కన సరైనది రాయి. దాన్ని చూసి ఇంకొకళ్ళు నేర్చుకుంటారు" అనేవారు. ఆ ఒక్క మాటకే ఆవిడంటే నాకు ప్రాణం.

ఆవిడ పద్ధతులు రెండు ముందు చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు.

మొదటిది పాచికలు. ఏ తాళమైనా ఎవరూ ఊహించలేని అంకెలతో మొదలవ్వాలి. మనిషి తలలోంచి తీసే అంకెలు అందుకు పనికిరావని ఆవిడ గట్టిగా చెప్పేవారు. అందుకని ఒక్కొక్కరం పాచికను వందసార్లు వేసి, పడిన అంకెల్ని వరసగా పెన్నుతో రికార్డు పుస్తకంలో రాయాలి. మా సీనియర్లలో బద్ధకించి ఇంట్లో కూర్చుని నోటికొచ్చిన అంకెలు రాసుకొచ్చేవాళ్ళను ఆవిడ పేజీ చూడగానే పట్టేసేవారు. ఇందులో మాయ ఏమీ లేదు. సొంతంగా కల్పించేవాళ్ళు ఒకే అంకెను వెంటవెంటనే రాయడానికి భయపడతారు. నిజం పాచికకు ఆ భయం లేదు.

రెండోది కవర్లు. ఏ మాటనైనా ఒక ప్రోగ్రాములో వేస్తే అరవై నాలుగు అక్షరాల ముద్ర ఒకటి వస్తుంది. మాటలో ఒక్క చుక్క మారినా ముద్ర మొత్తం మారిపోతుంది. ముద్రను చూసి మాటేమిటో చెప్పడం ఎవరి తరమూ కాదు. మొదటి ల్యాబ్ రోజున మేడమ్ మా ఒక్కొక్కరి గురించి ఒక మాట రాసి, కవర్లలో పెట్టి, అంటించి తెచ్చారు. ఎవరి ముద్ర వాళ్ళకు చదివి వినిపించారు. దాన్ని రికార్డు మొదటి పేజీలో మా చేత్తో మేమే రాసుకున్నాం. కింద ఆవిడ సంతకం పెట్టారు. కవర్లు బీరువాలో పెట్టించి, ఆఖరి రోజున తెరుద్దామన్నారు.

"జాతకం చెప్తున్నరా మేడమ్?" అన్నాను నేను. ఆవిడ నన్ను చూడటం ఆ రోజే మొదలు.

"జాతకం కాదమ్మా, మాటివ్వడం. ఇక నేను మార్చుకుందామన్నా కుదరదు" అని నవ్వారు.

సెమిస్టర్ సగంలో ఆవిడకు జబ్బు చేసింది. ఆసుపత్రి నుంచే పాఠాల నోట్సు పంపారు. తర్వాత నోట్సు ఆగిపోయాయి. ఒక గురువారం పోయారు. శుక్రవారం సమాధుల తోటలో మా క్లాసంతా నిలబడింది. నేను ఏడ్చిన ఏడుపుకు మా క్లాసువాళ్ళే కంగారుపడ్డారు.

పాచికల పని అప్పటికి ఇంకా మొదలే కాలేదు. ఆదివారం మధ్యాహ్నం చిలకలగూడలో మా ఇంట్లో కూర్చుని, మోండా మార్కెట్‌లో కొన్న లూడో పాచికతో మొదలుపెట్టాను. అమ్మ పక్కనే బియ్యం ఏరుతోంది.

"ఏందే, పొద్దుగూకేదాంక గిదే ఆటనా? గిట్లనే ఇస్తరా పెద్ద చదువుల సర్టిఫికెట్లు?" అంది.

అరవై దాటాక నాలుగు పడింది. మళ్ళీ నాలుగు. మళ్ళీ నాలుగు. అలా వరసగా ఏడుసార్లు. అమ్మ కూడా చెయ్యి ఆపి చూసింది. పాచిక పాడైందేమోనని పక్కన ఉత్తినే ఇరవైసార్లు వేసి చూశాను, అన్ని అంకెలూ పడ్డాయి. తిరిగి అసలు లెక్కలోకి వచ్చి వంద పూర్తిచేశాను.

అప్పుడు మొదలైంది నా పరేషాన్. మేడమ్ ఉంటే ఈ పేజీ చూసి మురిసిపోయేవారు. ఇప్పుడు చూసేది బయటినుంచి వచ్చే ఎగ్జామినర్. ఏడు నాలుగులు చూస్తే చెయ్యి నొప్పిపుట్టి ఒకే అంకె గీకేశానని అనుకుంటాడు. నాకు ఉద్యోగం వచ్చి ఉంది, ఈ ల్యాబ్ పోతే అదీ పోతుంది. రెండు నాలుగుల మీద వైటెనర్ పూసి ఒక రెండు, ఒక అయిదు రాస్తే చాలు. వైటెనర్ చేతిలో పట్టుకుని అరగంట కూర్చున్నాను. ఒకసారి మూత కూడా తీశాను. చివరికి పూయలేదు. ఎందుకని అడిగితే, ధైర్యం మాత్రం కాదు. మనిషి లేని ఇంట్లో దొంగతనం చేస్తున్నట్టు అనిపించింది, అంతే.

వైవా రోజు నేను భయపడ్డట్టే అయింది. ఎగ్జామినర్ పేజీ మీద వేలు పెట్టి ఆగిపోయాడు.

"వరసగా ఏడు నాలుగులా? మమ్మల్ని ఏమనుకుంటున్నావమ్మా?"

"నిజంగానే పడ్డయి సార్" అన్నాను. నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది. ఆయన రికార్డు మూసి, పక్కకు తోసేశాడు. మళ్ళీ వచ్చే ఏడాది చేసుకొమ్మన్నాడు.

అప్పుడు ల్యాబ్ అసిస్టెంట్ రాములన్న, ఇరవై ఏళ్ళుగా మేడమ్ దగ్గర పనిచేసిన మనిషి, ముందుకొచ్చాడు. "సార్, జెర ఆగుండ్రి. ఆఖరి దినం తెరవమని మేడమ్ కవర్లు పెట్టిపోయిన్రు. గవి సుత చూసి జెప్పుండ్రి."

ఆయన విసుక్కుంటూనే ఒప్పుకున్నాడు. బీరువా తాళం తీశారు. నా కవరు అంటించినట్టే ఉంది. లోపల మేడమ్ చేతిరాత. ఎవరు టైపు చేసినా తేడా రాకూడదని అన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాలే. నా రోల్ నంబరు, రెండు చిన్న వాక్యాలు, ఎవరూ ఊహించి కనిపెట్టకుండా చివర్న అర్థంలేని అక్షరాల తోక. వాక్యాలు తెలుగులో చెప్పాలంటే ఇవి: వరసగా ఏడు నాలుగులు పడతాయి. మార్చదు.

ఎగ్జామినర్ తానే కూర్చుని టైపు చేశాడు. ముద్ర కలవలేదు. కాగితం మళ్ళీ చూస్తే, "మార్చదు" తర్వాత చుక్క పెట్టడం మర్చిపోయాడు. పెట్టాడు. ఈసారి ఆయన ఒక్కో అక్షరం చదువుతుంటే, నేను మొదటి పేజీలో నా చేతిరాత మీద వేలు జరుపుతూ పోయాను. అరవై నాలుగూ కలిశాయి.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీ మేడమ్ ఎలా చేశారిది?" అని మెల్లగా అడిగాడు. తెలీదన్నాను. రికార్డు తెరిచి సంతకం పెట్టాడు.

మిగతావాళ్ళ కవర్లలో మామూలు మాటలే ఉన్నాయి. ఒకడు ల్యాబ్‌కు రోజూ ఆలస్యంగా వస్తాడని, ఒకమ్మాయి చివరికి గొంతు పెంచి మాట్లాడుతుందని. ఎవరి గురించైనా రాయగలిగినవి.

తర్వాత మారేడ్‌పల్లి వెళ్ళి మేడమ్ భర్తను కలిశాను. ఆయన, "కాలేజీ తెరవకముందే మీ పేర్ల లిస్టు ముందేసుకుని ఈ బల్ల మీదే రాసిందమ్మా. అందరివీ గబగబా అయిపోయాయి. ఒక్కదాని దగ్గర మాత్రం చాలాసేపు కూర్చుంది. ఏంటని అడిగితే నవ్వేసింది" అన్నారు. ఆ ఒక్కటీ ఎవరిదో ఆయనకు తెలియదు.

ఇప్పుడు నేను అదే పని చేస్తున్నాను, జనం సమాచారానికి తాళాలు వేసే పని. నాకు తెలిసిన దారులన్నీ వెతికాను. ముద్ర మార్చారనుకుందామంటే అది నా చేతిరాతలో ఉంది, మొదటి రోజే క్లాసువాళ్ళు ఫోటో కూడా తీసుకున్నారు. ఒకే ముద్ర వచ్చేలా ఇంకో మాట ఎవరైనా తయారుచేశారనుకుంటే, అది దయ్యం కంటే పెద్ద వింత, ఇలాంటి ముద్రల్నే నమ్ముకున్న ప్రపంచంలో బ్యాంకులన్నీ మూసేసుకోవాలి.

పాచికల సంగతి పోనీ, కాకతాళీయం అనుకుంటాను. రెండో వాక్యం దగ్గరే నా తెలివి ఆగిపోతుంది. ఆ ఆదివారం వైటెనర్ మూత తీసినప్పుడు, మారుస్తానో లేదో నాకే తెలియదు. నా మొహం కూడా చూడకముందే ఆవిడ నన్నెలా అంతగా నమ్మారో, ఇప్పటికీ నాకు అర్థం కాలేదు.