చిన్నోడికి నేర్పిన మాట

యూనివర్సిటీలో పిల్లలంతా ఆమెను పిన్ని అనేవారు. పాలనాశాస్త్రం, సమాజసేవ చెప్పే ఆ సాయంత్రం క్లాసులో మిగతావాళ్ళకు ఇంకా మీసాలే సరిగా రాలేదు, ఈమెకు సగం తల నెరిసింది. మొదటిరోజు గుమ్మంలో నిలబడితే, ఎవరో పిల్లల తల్లి వచ్చిందనుకుని ఓ అమ్మాయి ఆఫీసు గదికి దారి చూపించింది. పిన్ని నవ్వి, వెళ్ళి ముందు బెంచీలో కూర్చుంది. పొద్దుటి నుంచి ఇస్త్రీ కొట్టులో నిలబడే మనిషికి కూర్చోవడమే ఓ సుఖం.

“ఈ వయసులో ఈ చదువేంటి పిన్నీ, ఎవర్ని ఉద్ధరిద్దామని?” అని పిల్లలు ఆట పట్టించేవారు.

“మా చిన్నోడిని” అనేది.

చిన్నోడంటే ఆమె తమ్ముడు. పేరుకే చిన్నోడు, గడ్డం చూస్తే నలుగురికి తీర్పు చెప్పే పెద్దమనిషిలా ఉంటాడు. ఒళ్ళు పెరిగింది గానీ బుద్ధి మూడేళ్ళ దగ్గరే ఆగిపోయింది. గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు పైన మూర్ఛ కూడాను. అమ్మానాన్నా పోయాక వాడికి స్నానం చేయించేదీ, గడ్డం గీసేదీ, ముద్ద పెట్టేదీ ఈమే. వచ్చిన సంబంధాలన్నీ వాడిని చూసి గుమ్మంలోంచే వెనక్కి తిరిగాయి. పోతే పోయారులెమ్మంది. ఆమెకున్న దిగులల్లా ఒక్కటే. రేపు తను పోతే వాడిని చూసేదెవరు?

ఊరవతల ప్రభుత్వ ఆశ్రయ గృహం ఒకటుంది. అలాంటివాళ్ళను బతికినన్నాళ్ళూ చూస్తారు. అందులో వాడికో మంచం కోసం ఆమె సంక్షేమ కార్యాలయం చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. వెళ్ళినప్పుడల్లా వాడికి నున్నగా తల దువ్వి, మడత నలగని చొక్కా తొడిగి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేది. చూడ్డానికి బాగుంటే పని బాగా జరుగుతుందని నమ్మే వెర్రిబాగులది. కౌంటరులో ఆయన ఎగాదిగా చూసి, “చూద్దాంలేమ్మా, కబురు చేస్తాం” అనేవాడు. ఆ కబురు ఏనాడూ రాలేదు. లోపల రూల్సేవో ఉండి ఉంటాయి, చదివినవాళ్ళకే అవి తెలుస్తాయి కాబోలు, నేనూ చదివితే సరి అనుకుంది. ఏం తెలివి! జబ్బు చేస్తే డాక్టరు దగ్గరికి పోతారు గానీ, డాక్టరు చదువు చదువుతారా ఎవరైనా? ఈవిడ చదివింది. ఇస్త్రీ పెట్టె పక్కన పుస్తకం పెట్టుకుని, దూరవిద్యలో డిగ్రీ గట్టెక్కి, ఈ కోర్సులో చేరింది.

చేరాక ఆ చదువు నచ్చింది కూడా. అక్కడొచ్చింది చిక్కు. సంక్షేమ రాజ్యమంటే ఏమిటో మాస్టారు చెబుతుంటే ఆమెకు కళ్ళు చెమర్చేవి. పాలన చివరి మనిషి దాకా చేరాలని ఆయన అంటే, ఆ చివరి మనిషి ఇంట్లో గడియ పెట్టిన తలుపు వెనక కూర్చున్నాడని గుర్తొచ్చేది. ఇంకెంత, అయిపోవచ్చింది అనుకునేది.

రెండో ఏడు ప్రాక్టికల్స్‌కు ఆమెను ఆ సంక్షేమ కార్యాలయానికే పంపారు. అదే కౌంటరు, కాకపోతే ఈసారి అవతలి కుర్చీ. పని నేర్పే ఆఫీసరమ్మ నిజంగా మంచి మనిషి, తన టీలో సగం ఈమెకు పోసేది. ఒకరోజు టీ తాగుతూ పిన్ని మెల్లగా కదిపింది.

“మేడమ్, ఆశ్రయ గృహంలో మంచం ఎవరికి దొరుకుతుందండీ?”

“ఎవరూ లేనివాళ్ళకండి. పోలీసులు రోడ్డు మీంచి తెస్తారే, వాళ్ళకి. వాళ్ళకే చాలడం లేదు.”

“ఇంట్లో చూసే మనిషి ఒక్కరుంటే?”

“ఇక మనదాకా రాదు. నిజం చెప్పాలంటే, శుభ్రంగా చొక్కా తొడిగి చెయ్యి పట్టుకుని తీసుకొస్తారు చూడండి, వాళ్ళని అప్పుడే పక్కన పెట్టేస్తాం. బాగానే చూసుకుంటున్నారుగా.”

“ఆ చూసే మనిషి పోతే?”

“అప్పుడెలాగూ రోడ్డు మీదికొస్తారు. అప్పుడు తీసుకుంటాం” అంది ఆవిడ, ఇంకాస్త టీ పోస్తూ.

పిన్ని టీ గ్లాసు కింద పెట్టేసింది. నలగని చొక్కా తొడిగి తీసుకెళ్ళిన ప్రతిసారీ, వీడికి ఏ లోటూ లేదని తనే చెప్పి వచ్చింది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. ఈమెకు మతి నిలిచే ఉంది, ఉన్న కాస్త ఆశా పోయింది.

ఆ వారం నుంచి ఇంట్లో కొత్త పాఠం మొదలైంది. ఒకప్పుడు గ్లాసు పట్టుకోవడం నేర్పినట్టే, ఓపిగ్గా.

“నీకెవరున్నారని అడిగితే ఏమనాలిరా?”

“అక్క.”

“కాదు నాన్నా. నాకెవరూ లేరు అనాలి.”

“అక్క” అని వాడు మళ్ళీ నవ్వేవాడు.

బిస్కెట్టు ముక్క చేత్తో పట్టుకుని నేర్పింది. సరిగ్గా అంటే ముక్క, లేకపోతే లేదు. పాపిష్టి పని. ఏడుస్తూనే చేసింది. చివరికి వాడికి మాట పట్టుబడింది. అనేసి, చెయ్యి చాపేవాడు.

ఒక మధ్యాహ్నం వాడికి మాసిన చొక్కా వేసి బస్టాండుకు తీసుకెళ్ళింది. “ఇక్కడే కూర్చో” అని బెంచీ చూపించి, వెళ్ళి టికెట్ల గది గోడ వెనక నిలబడింది. వాడు కదల్లేదు, పిలవలేదు. చెప్పిన మాట వినే రకం. వచ్చేపోయేవాళ్ళను చూసి నవ్వుతూ కూర్చున్నాడు. అటూ ఇటూ తిరిగే కానిస్టేబుల్ కాసేపు చూసి, దగ్గరికొచ్చి వంగాడు.

“ఏం బాబూ, నీకెవరున్నారు?”

“నాకెవరూ లేరు” అన్నాడు చిన్నోడు, తప్పు పోకుండా. అని, బిస్కెట్టు కోసం చెయ్యి చాపాడు.

ఆమె పరుగెత్తుకొచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. “నేనున్నానండి, అక్కని. నీళ్ళ కోసం వెళ్ళాను.”

“బుద్ధుందామ్మా? ఇలాంటివాణ్ణి వదిలేసి పోతారా ఎవరైనా?”

“లేదండి, బుద్ధి లేదు” అంది పిన్ని.

పరీక్షలో ఫస్టు క్లాసు వచ్చింది. మాస్టారు మెచ్చుకున్నారు, పిల్లలు చుట్టూ చేరి ఫొటోలు దిగారు. సర్కారు కొలువుకు వయసు దాటిపోయింది కాబట్టి మళ్ళీ ఇస్త్రీ కొట్టే గతి అయింది. ఇదివరకు తెలియక ఎదురుచూసేది. ఇప్పుడు రూల్సన్నీ నోటికి వచ్చు, చిన్నోడికి ఏం జరగబోతోందో వరసగా చెప్పగలదు.

నేర్పిన మాటను మాన్పించాలని చూసింది. రోజూ కొట్టు నుంచి రాగానే బిస్కెట్టు పట్టుకుని, “అక్క అనరా, నాన్నా, అక్క అను” అని బతిమాలేది. వాడు బిస్కెట్టు వంక చూసి, కాసేపు ఆలోచించి, తనకు బాగా వచ్చిన మాటే అనేవాడు. “నాకెవరూ లేరు.”

ఒకరోజు ఆమె ఆ బతిమాలడం మానేసింది. తను పోయాక వాడికి పనికొచ్చేది ఆ ఒక్క మాటే. ఇంత చదువూ చదివి, ఆ సంగతి కాదనుకునే దారి ఆమెకు కనబడలేదు.

“బాగా చెప్పావు నాన్నా” అని, బిస్కెట్టు మొత్తం వాడి చేతిలో పెట్టింది.