గోడకుర్చీ వేసుకునే సారు

మా ఏడో జమాతు సారు ఒక్కనాడన్నా బెత్తం పట్టలేదు. మేం లొల్లి చేస్తే ఆయనే పోయి గోడకు వీపానించి, మోకాళ్లు వంచి గోడకుర్చీ వేసుకునేటోడు. "మీకు చెప్పుడు నాకు చాతనైతలేదు బిడ్డా, తప్పు నాదే" అనేటోడు. ఆయన బక్క కాళ్లు వణుకుతుంటే చూడలేక మేం నోళ్లు మూసుకునేటోళ్లం.

పోలీసు యాక్షన్ అయినంక కమ్యూనిస్టు సంఘపోళ్ల కోసం మిల్ట్రీ ఊళ్లు గాలిస్తున్న దినాలవి. ఒకనాడు బడిలకు ఉడుత వచ్చిందని మేం గంతులేస్తుంటే సారు గోడకుర్చీ వేసిండు. అప్పుడే ఇద్దరు జవాన్లతోని ఒక ఆఫీసరు లోపలికొచ్చిండు. తుపాకులు చూసి మేం గప్పున కూసున్నం.

"ఈయనకు శిక్ష వేసిందెవరు?" అని ఆఫీసరు ఉర్దూల గద్దించిండు.

భయానికి నా నోట్లకెల్లి, "మేమే సాబ్!" అని వచ్చింది.

"సంఘం పిల్లలను గూడ చెడగొట్టింది" అని ఆయన జవాన్ల దిక్కు చూసిండు. మమ్ముల పట్టుకపోతరని నాకు ఏడుపొచ్చింది.

"లేదు సాబ్, నాకు నేనే వేసుకున్న" అన్నడు సారు. "గిట్ల చేస్తే పిల్లలు సప్పుడు చెయ్యరు. జర లేపుండ్రి, కాళ్లు పట్టేసినయ్."

ఆఫీసరు మమ్ముల చూసి, "నిజమే, మంచిగ పనిచేస్తాంది" అన్నడు.

"ఇయ్యాల్టిది మాత్రం మీ తుపాకుల పుణ్యం సాబ్!" అన్నడు సారు.

ఆఫీసరు పకపక నవ్వి, జవాన్లతోని సారును లేపించి పోయిండు.

సాయంత్రం సారు తనంతట తాను నడవలేకపోయిండు. ఆయన ఎవరి భుజం పట్టుకోవాల్నని మేం బజారంతా వినేటట్టు కొట్లాడుకున్నం. ఆ లొల్లికి సారు గోడ దిక్కు చూడలేదు, మురుసుకుంట ఇల్లు చేరిండు.