యాదగిరన్న చదివిన చైనీస్ అక్షరం

చైనా నుంచి వచ్చే యంత్రాల మాన్యువళ్లు చదవడం కోసం ఎనిమిది నెలలుగా యాప్ పెట్టుకుని చైనీస్ నేర్చుకుంటున్నాను. ఈ రోజు రాయదుర్గంలోని మా ఆఫీసు ల్యాబులో కొత్త టెస్టింగ్ యంత్రం తెరమీద ఎర్ర అక్షరాలు రాగానే అందరూ నన్నే పిలిచారు. "చివరన ఎర్త్ కలిసింది అని ఉంది, స్విచ్ వెయ్యొచ్చు" అన్నాను ధీమాగా.

మా ఎలక్ట్రీషియన్ యాదగిరన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"జర ఆగుండ్రి మేడమ్. మొదటి అక్షరంల పై గీత పొట్టిగుంది. అంటే ఎర్త్ ఇంకా కలువలేదన్నట్టు. కొండాపూర్ల చైనా లిఫ్టు బిగించేటప్పుడు ఇదే తెల్వక ముట్టుకుంటే షాక్ కొట్టింది."

యాప్ తీసి చూశాను. పై గీత కింది గీతకన్నా పొడుగైతే 'చివర', పొట్టిదైతే 'ఇంకా లేదు'. యంత్రం వెనక ఎర్త్ వైరు నిజంగానే ఊడి వేలాడుతోంది. సిగ్గేసింది కానీ, అంతకన్నా ఎక్కువగా ప్రాణం కుదుటపడింది.

వైరు బిగిస్తూ అడిగాడు, "ఆ అక్షరాన్ని ఎట్ల పలుకుతరు మేడమ్?"

"వెయ్."

"వెయ్ అంటే వెయ్యొద్దనా? ఈ భాషతోని ఎట్ల ఏగుతున్నరు మీరు?"

ఇక నాకు పాఠాలు యాప్ చెప్పాలా, యాదగిరన్న చెప్పాలా, మీరే తేల్చండి.