జాబ్రియాకు రాని కార్డు

కువైట్‌లోని మా తెలుగు క్రైస్తవ సంఘ చరిత్ర పుస్తకం అచ్చయి వచ్చింది. నున్నటి కాగితం, రంగుల ఫోటోలు, మొదటి పుటలో సూట్లు తొడుక్కుని వరుసగా నిలబడ్డ సంఘ పెద్దలు. సంఘం రికార్డులు నేను చూస్తున్న రోజుల్లో, రాయమని మొదట నన్నే అడిగారు. "ఈ సంఘం ఖైతాన్‌లో ఒక డ్రైవరు గదిలో, ఒక పనిమనిషి ప్రార్థనతో మొదలైంది" అని మొదటి వాక్యం రాసిచ్చాను. దాన్ని కొట్టేసి "కొందరు విశ్వాసుల కూడికతో" అని మార్చారు. కొందరు విశ్వాసులట! ఆ కొందరిలో మొదటి మనిషికి ఏం జరిగిందో చెప్పకపోతే నా కడుపుమంట చల్లారదు.

నేను నర్సుని, అబూ హలీఫాలో ఉంటాను. మాది కడప వైపు. ఆ పనిమనిషిదీ అటే. అందరం ఆమెను అక్క అనే పిలిచేవాళ్ళం. కువైట్‌కు వచ్చిన కొత్తలో అక్క కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, మంచివాడు, శుక్రవారం సెలవిచ్చేవాడు. ఖైతాన్‌లో డ్రైవరుగా ఉన్న తమ్ముడి గదిలో చాప పరిచి ఆమె ప్రార్థన మొదలుపెట్టింది. నలుగురైదుగురు ఆడవాళ్ళు, చెప్పులు పెట్టుకోవడానికి కూడా చోటు లేని గది. ఆ తర్వాత ఇంజనీర్లు వచ్చారు, డాక్టర్లు వచ్చారు. చాలా భాషల సంఘాలు గంటల లెక్కన పంచుకునే చర్చి ఆవరణలో మాకూ ఒక హాలు దొరికింది. ఇండియాలోని ఒక ప్రెస్బిటరీ కింద చేరాం. ప్రెస్బిటరీ అంటే మా లాంటి సంఘాల మీద ఉండే పై సభ.

మా పద్ధతిలో బిషప్పు ఉండడు. జనం ఎన్నుకున్న పెద్దలూ, పాస్టరు గారూ కలిసి కూర్చుని నిర్ణయిస్తారు. ఆ సభకే సెషన్ అని పేరు. ఒక్కడి పెత్తనం ఉండకూడదని పూర్వం ఎవరో రక్తం ధారపోసి తెచ్చుకున్న పద్ధతి అని మా పాస్టరు గారు ఏటా ఒకసారి గర్వంగా చెబుతారు. ఒక్కడి పెత్తనం పోయి పదిమంది పెత్తనం వచ్చిందని నాకు ఆలస్యంగా అర్థమైంది. నా చేతిరాత బాగుంటుందని నన్ను సెషన్ క్లర్కుగా పెట్టారు. సభలో జరిగిందంతా మినిట్స్ పుస్తకంలో రాయాలి, సభ్యుల రిజిస్టరు చూడాలి. ఓటు మాత్రం లేదు.

ఊరిని వార్డులుగా పంచి, వార్డుకొక పెద్దను పెట్టారు. ఏడాదికి నాలుగుసార్లు ప్రభువు బల్ల. దానికి ముందు వారం పెద్ద తన వార్డులో ఇంటింటికీ వెళ్ళి, బాగోగులు అడిగి, ప్రార్థన చేసి, ఒక చిన్న కార్డు ఇవ్వాలి. శుక్రవారం ఆరాధనకు వచ్చి తలుపు దగ్గర ఆ కార్డు ఇస్తేనే రొట్టె, ద్రాక్షరసం. రెండేళ్ళపాటు ఒక్క కార్డూ రాకపోతే "కారణం లేని గైర్హాజరు" అని రాసి రిజిస్టరులోంచి పేరు తీసేస్తారు. కాగితం మీద ఎంత చక్కగా ఉంది!

అక్క పాత కఫీల్ పోయాక జాబ్రియాలో ఒక ఇంట్లో చేరింది. మంచం పట్టిన ముసలమ్మను చూసుకునే పని, శుక్రవారం లేదు, పండగ లేదు. జాబ్రియా వార్డు పెద్ద విజయవాడ ఇంజనీరు, పెద్ద కారు. పనిమనిషి కోసం కువైటీ ఇంటి తలుపు ఎవరు కొడతారు? నిజమే, కొట్టలేడు. అక్కకూ అది తెలుసు. అందుకే ఆయనకు ఫోన్ చేసి, రోజూ సాయంత్రం చెత్త పడేయడానికి వీధి మలుపు దాకా వస్తానని, కారు దిగకుండానే కార్డు అందించి పొమ్మని అడిగింది. ఆయన రాలేదు. ఒకసారి కాదు, ఎప్పుడూ రాలేదు.

మామాను, అంటే ఆ ఇంటి యజమానురాలిని, బతిమాలి అక్క రెండుసార్లు బల్లకు వచ్చింది. కార్డు లేదని వెనక వరుసలో కూర్చోబెట్టారు. రొట్టె పళ్ళెం ఆమెను దాటి పోవడం నేను చూశాను. చూసి పెన్ను మూత పెట్టుకుని కూర్చున్నాను.

ఒక శుక్రవారం అక్క మళ్ళీ వచ్చింది. ముసలమ్మ చనిపోయింది, పని ఖలాస్, రెండు వారాల్లో ఊరికి వెళ్ళిపోతోంది. బదిలీ ఉత్తరం కావాలంది. ఇక్కడ సంఘంలో చేరాలంటే సొంత ఊరి సంఘం నుంచి ఉత్తరం తేవాలని మా ఇంజనీర్లు పట్టుబట్టినప్పుడు ఆమె తెప్పించి ఇచ్చింది. ఉత్తరం ఇచ్చిన రోజే ఊరి రిజిస్టరులో ఆమె పేరు కొట్టేశారు. మళ్ళీ అక్కడ చేరాలంటే ఇప్పుడు మా ఉత్తరం కావాలి.

రిజిస్టరు తీశాను. మొదటి సభ్యురాలి పేరు మీద ఎర్రగీత. పక్కన "కారణం లేని గైర్హాజరు, తొలగించడమైనది" అని ఉంది. ఆ చేతిరాత నాది. సెషన్‌లో పెద్దలు పదిహేడు పేర్ల జాబితా చదివితే రాసుకుంటూ పోయాను. అందులో ఉన్నది పాస్‌పోర్టులోని పేరు. నాకేమో ఇన్నేళ్ళుగా ఆమె అక్క. తల తీసేసినట్టయింది.

అక్క కేకలు వేయలేదు. తన ఊర్లో ఏమనుకుంటారో అది చెప్పింది. "కువైట్‌కు పోయిన ఆడమనిషిని సంఘంలోంచి తీసేసినారంటే ఏమనుకుంటారు పాపా? యాడ ఏం తప్పు చేసిందో అనుకుంటారు గదా."

ఆ మధ్యాహ్నమే సెషన్ కూర్చుంది. ఉత్తరం ఇవ్వమని అడిగాను. రూలు ఒప్పుకోదన్నారు. తీసేసిన మనిషికి మంచి సభ్యురాలని ఎలా రాస్తామన్నారు. మరి కార్డు ఎందుకు ఇవ్వలేదని జాబ్రియా పెద్దను నిలదీశాను. ఆయన ముఖంలో సిగ్గన్నది లేదు.

"సిస్టర్, పరిశుద్ధమైన కార్డండీ అది. చెత్తడబ్బాల దగ్గర నిలబడి పంచమంటారా?"

చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. నా ఒళ్ళు మండిపోయింది. పశువుల పాకలో పుట్టినవాడి పేరు చెప్పుకుని బతుకుతూ చెత్తడబ్బా దగ్గర పరిశుద్ధత పోతుందట! నా గొంతు పెద్దదయ్యేసరికి పాస్టరు గారు దగ్గి, కావాలంటే ప్రెస్బిటరీకి అప్పీలు చేసుకోవచ్చని సెలవిచ్చారు. ఆ సభ ఆర్నెల్లకోసారి కూర్చుంటుంది. అక్క విమానం రెండు వారాల్లో.

బయట మెట్ల మీద అక్క కూర్చుని ఉంది. ఇవ్వరట అని చెప్పాను. తన చేతులు చూసుకుంది.

"నేను రాలేదని పుస్తకంలో రాసినావు. వాళ్ళు రాలేదని రాసినావా పాపా?"

 ఆమె మామా ఇచ్చిన గంట అయిపోతోందని బస్సుకు వెళ్ళిపోయింది.

నేను లోపలికి వెళ్ళాను. పెద్దలు టీ తాగుతున్నారు. మినిట్స్ పుస్తకం తెరిచి, ఆ రోజు తీర్మానం కింద, ఎవరూ చెప్పకుండానే రాశాను: ఈ సంఘం మొదటి సభ్యురాలు ఏ రోజూ కారణం లేకుండా మానలేదని, వీధి మలుపు దాకా వస్తానని అడిగినా జాబ్రియా పెద్ద ఒక్కసారీ కార్డు తీసుకెళ్ళలేదని, ఆ కారణం తెలుసుకోకుండా ఆమె పేరు కొట్టేసింది నేనేనని. కింద సంతకం పెట్టాను.

చూసి గగ్గోలు పెట్టారు. చింపేయమన్నారు. చింపకూడదు. పుటలకు నంబర్లుంటాయి, ఒక్క పుటా తీయకూడదని వాళ్ళు నెత్తిన పెట్టుకునే రూలే చెబుతోంది. పైగా ఏటా ఆ పుస్తకం ప్రెస్బిటరీ తనిఖీకి వెళ్ళాలి. చేసేదేమీ లేక నా దగ్గర పుస్తకం లాక్కుని, క్లర్కు పనిలోంచి నన్ను తీసేశారు. లాక్కునేలోపే ఫోన్‌లో ఆ పుటకూ, రిజిస్టరు మొదటి పుటకూ ఫోటోలు తీసుకున్నాను. అక్క విమానం ఎక్కిన రోజు ఆ రెండు ఫోటోలనూ వాళ్ళ ఊరి పాస్టరుకు పంపాను. ఆయన నుంచి జవాబు లేదు.

ప్రెస్బిటరీ తనిఖీ నుంచి పుస్తకం తిరిగొచ్చిందని విన్నాను. నా వాక్యాల పక్కనే "చూడడమైనది" అని ముద్ర వేసి పంపారట. చూశారు మరి, కళ్ళున్నాయి కదా. జాబ్రియా వార్డుకు ఇప్పటికీ ఆయనే పెద్ద.

మొన్న అక్క ఫోన్ చేసింది. ఊరి పాస్టరు ఆ ఫోటోలనే బదిలీ ఉత్తరం కింద తన సెషన్ ముందు చదివాడట. పెద్దలు ముగ్గురే, ముగ్గురూ సేద్యం చేసుకునేవాళ్ళు. బల్లకు ముందు వారం అక్క పేడకళ్ళు ఎత్తుతుంటే గుమ్మం ముందు ఒక పెద్దాయన నిలబడ్డాడట. చేతులు పేడగా ఉన్నాయి, కడుక్కుని వస్తానందట అక్క. ఏం ఫరవాలేదులే తల్లీ అని, చేతిలో పెట్టి వెళ్ళాడట కార్డు.

"ముసలాయన పాపా, మోకాళ్ళు నొప్పులు. ఊరి ఆ చివర నించి నడిచి వచ్చినాడు."

సంతోషించాల్సింది పోయి నేను ఫోన్ పట్టుకుని కోపంతో ఏడ్చాను. ఇక్కడ మా చర్చి ఆవరణ నుంచి జాబ్రియాకు కారులో పావుగంట.