గాబరకు నేను చెప్పిన అర్థం

మా పెద్దమ్మ పోయి పద్నాలుగు రోజులైంది. ఇంకా సరిగా ఏడవనే లేదు, అయినా ఇది ఇప్పుడే రాయాలి. ఈ నెల ఇరవయ్యో తారీఖున అమ్మను తీసుకుని, పెద్దమ్మకు చూపించిన దవాఖానకే పోతున్నాను. డాక్టరు ముందు ఏ మాట వాడాలో నాకు తెలియడం లేదు.

పెద్దమ్మ అమ్మకు అక్క. ఖిలా వరంగల్‌లో మా పక్కిల్లే. బజారులోని చీరల దుకాణాలకు ఫాల్ కుట్టి ఇచ్చేది. మా ఇంట్లో మొదట బడికి పోయింది నేనే. సాయంత్రాలు ఆమె అరుగు మీదే చదివేదాన్ని. "గట్టిగ చదువు బిడ్డా, నేను గుడ వింట" అనేది, చీర అంచు మీద నుంచి కళ్లెత్తకుండా. నేను తడబడితే పట్టేసేది. "సమజ్ కాకపోతె సార్‌ను మల్ల అడుగు. రెండోపారి అడిగితె ఎవలు కొట్టరు." డిగ్రీ దాకా ఆ మాటతోనే వచ్చాను.

రెండేళ్ల కింద ఆమెకు గాబర మొదలైంది. కేసముద్రం మార్కెట్ యార్డులో పనిచేసే మామ, ఆమె తమ్ముడు, వచ్చినప్పుడల్లా ఆటపట్టించేవాడు.

"మా అక్కకు గాబర బియ్యం ఏరెటప్పుడే వస్తది. దావత్‌కు పోయెటప్పుడు ఎన్నడన్న వచ్చిందా?"

"నీకొచ్చిననాడు నేను గుడ నవ్వుత తియ్యి తమ్మీ" అని పెద్దమ్మ సూదిలోకి దారం ఎక్కించేది. అందరితో పాటు నేనూ నవ్వాను.

హనుమకొండలో ఒక దవాఖానకు నేనే తీసుకుపోయాను. "గాబరైతాంది సార్" అంది పెద్దమ్మ. డాక్టరు మా వైపు మనిషి కాదు. "అంటే?" అని నా వైపు చూశాడు. చదువుకున్నదాన్ని కదా, వెంటనే "ఆంగ్జైటీ సార్" అన్నాను. "గుడ్, ఏం చదువుతున్నావు?" అని అడిగాడు. ఆ గుడ్‌కు ఎంత పొంగిపోయానో ఇప్పటికీ గుర్తుంది.

చీటీ మీద ఆ మాటే పడింది. తర్వాత ఏ డాక్టరైనా ముందు చీటీ చదివి, ఆ తర్వాతే ఆమె ముఖం చూసేవాడు. "ఇంట్లో ఏమన్నా గొడవలా అమ్మా? ఎక్కువ ఆలోచించకు." నిద్రగోళీలు రాసి పంపేవాళ్లు.

మొదటి రోజు బయటికి వచ్చాక పెద్దమ్మ అడిగింది. "నువ్వేదో ఇంగ్లీషుల చెప్పినవు గద బిడ్డా. గదేనా నాకున్నది?"

"అదే పెద్దమ్మా" అన్నాను. ఆమె నన్ను రెండోసారి అడగలేదు.

ఆమెకు రాయడం రాదు. అందుకని మిగిలిపోయిన ఫాల్ పట్టీ మీద గాబర వచ్చిన ప్రతిసారీ ఒక కుట్టు వేసుకుంది. నడుస్తుంటే వస్తే నల్లదారం, ఊరికే కూచున్నప్పుడు వస్తే ఎర్రదారం. చివరిసారి దవాఖానకు పోయినప్పుడు దాన్ని డాక్టరు బల్ల మీద పరిచింది. "ఇదేంటమ్మా, టైలరింగ్ క్లాసా?" అన్నాడాయన. సిస్టర్ నవ్వింది. నాకు సిగ్గేసింది. నేనే గబగబా మడిచి నా బ్యాగులో పెట్టేశాను.

పోయిన రోజు పెద్దమ్మ చీరల మూటతో దుకాణానికి పోతూ, కోట దర్వాజ దగ్గర కాసేపు కూచుందామని కూచుని మళ్లీ లేవలేదు. గుండెపోటు అన్నారు డాక్టర్లు. ముందే కనిపెడితే బతికేదా అని అడిగితే, చెప్పలేం అన్నారు. ఆ వారంలో బ్యాగులోని పట్టీ తీసి విప్పాను. మొదట్లో నల్లవి, అక్కడొకటి ఇక్కడొకటి. చివరికి వచ్చేసరికి అన్నీ ఎర్రవే, ఒకదాన్నొకటి ఆనుకుని.

గాబర అంటే ఏమిటని ఇప్పుడు అందరినీ అడుగుతున్నాను. ఎదురింటి ఖాలా "దమ్ము అందకపోవుడు" అంది. పాలాయన "గుండె దడదడ కొట్టుకునుడు" అన్నాడు. మామ చెప్పులేసుకుని బయటికి పోయాడు. నా మీద కోపమో, తన మీద తనకే కోపమో తెలియదు. నాకూ ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియడం లేదు.

మొన్న అమ్మ నీళ్ల బిందె దించి గోడకు ఆనుకుంది. "గాబరైతాందే."

"ఎట్లుంటదమ్మా?"

"గాబర తీర్గ ఉంటది. ఇంకెట్లుంటది?"

మళ్లీ అడిగాను. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, తర్వాత ఆ చేతిని మెల్లగా ఎడమ భుజం దాకా జరిపింది. దానికి మాట ఆమెకూ దొరకలేదు, నాకూ దొరకలేదు.

నిన్న పట్టీ మళ్లీ చూశాను. పెద్దమ్మ ఆఖరి ఎర్ర కుట్టు తర్వాత జానెడు ఖాళీ ఉండేది. అందులో కొత్తగా ఒక నల్ల కుట్టు, వంకరగా. అమ్మకు కుట్టుపని రాదు.

మీ ఇంట్లో పెద్దవాళ్లు గాబర అన్నప్పుడు ఒంట్లో ఎక్కడ ఏమవుతుందని చెప్పారు? డాక్టరు వినేటట్టు మీరెట్లా చెప్పారు? పద్దెనిమిదో తారీఖు లోపల నాకు రాయండి.