తెరచాటు తిండి

ఆ రోజుల్లో బాలింతకు చలి వేయవచ్చు, నడుము పీకవచ్చు, కారణం లేకుండా ఏడుపు కూడా రావచ్చు. ఆకలి మాత్రం వేయకూడదు. వేసిందంటే అది ఆకలి కాదని, కడుపులో వాతమని పెద్దవాళ్లు తేల్చేసేవారు. సుల్తానాబాద్‌లోని మా ఇంట్లో ఆ తేల్చే అధికారం మా అవ్వది, అంటే మా అమ్మది. నేను అప్పుడే బియ్యం మిల్లులో గుమాస్తాగా కుదిరిన పడుచువాణ్ణి. నా భార్య ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరు. (పెళ్లిచూపుల్లో నేనూ పరుగుపందెంలో కప్పు గెలిచినవాణ్ణని చెప్పుకున్నాను. గెలిచింది స్టీలు గిన్నె. అదీ జాతరలో, లక్కీడ్రాలో.) మా పాపకు నాలుగో నెల నడుస్తోంది. సెలవు అయిపోయి నా భార్య మళ్లీ బడికి పోతోంది. ఆటల పోటీలు దగ్గరపడడంతో పొద్దున్నే పిల్లలతో పాటు తనూ మైదానం చుట్టూ ఉరుకుతోంది. బడి మా వీధి చివరే కాబట్టి మధ్యమధ్య వచ్చి పాపకు పాలిచ్చి పోతోంది. ఇంత పనికీ తిండి మాత్రం అవ్వ పెట్టే పత్యమే: పిడికెడు అన్నం, ఎల్లిపాయ కారం, గొంతు తడవడానికి కాసిన్ని నీళ్లు. పప్పు పిల్లకు అరగదట, గుడ్డు వేడట, పెరుగు చలువట. పండ్ల గురించి అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది కాబట్టి వాటి దోషమేమిటో నాకిప్పటికీ తెలియదు.

ఒకనాడు పాప పాలు తాగుతూ తాగుతూ వదిలేసి గుక్కపెట్టి ఏడ్చింది. మర్నాడూ అంతే. అవ్వ అక్కడికక్కడే తీర్పు చెప్పింది. "ఉరుకుడుకు పాలు ఎండుతున్నయ్. రేపటిసంది ఉరుకుడు బంద్. పిల్లకు ఆవుపాలు పడుతం."

"ఉరుకుడుకు కాదు అత్తమ్మా, తిండి సాలక ఎండుతున్నయ్. గడ్డెయ్యకుండ నాగలి గడితే ఎడ్లు నడుస్తయా?" అంది నా భార్య.

"ఎడ్లు పాలియ్యయ్ గదా!"

"బర్రె ఇస్తది గద! మరి దానికి తవుడు, కుడితి ఎందుకు పెడుతున్నరు? జర ఎల్లిపాయ కారం పెట్టి చూడుండ్రి, ఎన్ని పాలిస్తదో!"

అప్పుడు నేను సింహంలా లేచి, "అవ్వా, ఇది అన్యాయం!" అని గర్జించాను. (లేవడం వరకు నిజం. లేచి, చెప్పులు వేసుకొని మిల్లుకు పోయాను.)

అయితే అవ్వ దగ్గరే ఇంకో గట్టి నియమం ఉండేది. బాలింత తింటుంటే ఎవరి కన్నూ పడకూడదు, దిష్టి తగిలి పాలు పోతాయి. అందుకే పాప ఊయల ఉన్న మూలన పాత చీరతో తెర కట్టి, కంచం లోపలికి తోసి, తనే మొహం తిప్పుకునేది. ఎవరూ తొంగిచూడని చోటు ఇంట్లోనే ఉంటే దాన్ని ఎలా వాడుకోవాలో నాకు మెరుపులా తట్టింది. (తట్టింది నా భార్యకు. నాకు దక్కింది మోసే పని.) ఆనాటి నుంచి నా టిఫిన్ డబ్బా మిల్లు పక్క హోటల్లో నిండి ఇంటికి తిరిగి రాసాగింది. ఉడికిన గుడ్లు, బొబ్బెర గుడాలు, జొన్నరొట్టెలో చుట్టిన తోటకూర పప్పు, నువ్వుల ముద్దలు, అరటిపండ్లు. "పాపను చూసొస్త" అని తెర వెనక దూరేవాణ్ణి.

"పిల్ల పండుకున్నది గదరా!"

"పండుకుంటెనే ముద్దుగుంటది అవ్వా!"

లోపల నా భార్య మొహమాటం లేకుండా తినేది, చెంబెడు నీళ్లు గటగటా తాగేది. నేను రుచి చూసేవాణ్ణి. రుచి ఒక గుడ్డుతో తెలియదు కదా, రెండోదీ చూసేవాణ్ణి. "మీకేమన్న పాలొస్తున్నయా?" అని గుసగుసగా కసిరేది. "కావలి గాస్తున్న గద, కావలోనికి కూలి ఉండదా?" అనేవాణ్ణి.

కొద్ది రోజుల్లోనే పాప ఏడుపు మానింది. కడుపునిండా తాగి, పెదవి చివర పాలచుక్కతోనే నిద్రపోయేది. బుగ్గలు నిండాయి. అవ్వ ఇరుగుపొరుగును పిలిచి మరీ చూపించేది. "సూసిన్రా, నా పత్యం మహిమ!" అది వింటూ తెర వెనక నా భార్య పళ్లు కొరుకుతుంటే, నేను నువ్వుల ముద్ద కొరికేవాణ్ణి.

ఆ ముద్దలే కొంప ముంచాయి. ఒక మధ్యాహ్నం నేను తెరలోంచి బయటికి వస్తుంటే అంగీ గుండీ ఒకటి తెగి అవ్వ కాళ్ల దగ్గర పడింది. అవ్వ గుండీని చూసింది, నా బొజ్జను చూసింది. "పత్యం తినేది గామె, పాలు తాగేది పిల్ల, బలిసేది నువ్వు! ఇంట్ల అసలు బాలింత ఎవలురా?"

నేను గుండీ కోసం వంగేలోగానే తెర పక్కకు జరిగింది. నా భార్య కంచం పట్టుకొని బయటికొచ్చి, ఇంటి నడిమధ్య కూర్చుంది. "గుడ్లు, రొట్టె, పప్పు. ఇన్ని దినాలసంది తినేది ఇవే అత్తమ్మా, మీ కారం కాదు. పిల్లను చూడుండ్రి, నన్ను చూడుండ్రి. దిష్టి తగిలితే తగలనీ. నేను ఉరుకుడు బంద్ చెయ్య, తినుడు బంద్ చెయ్య, పాలిచ్చుడు బంద్ చెయ్య." అవ్వ కళ్లలోకి చూస్తూనే రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది. నేను ఆమె పక్కన ఛాతీ విరుచుకొని నిలబడ్డాను. (తలుపు చాటున. ఛాతీ మాత్రం విరుచుకునే ఉన్నాను.)

అవ్వ మెల్లగా కింద కూర్చుంది. "నీ కడుపు సంగతి నాకెర్క లేదనుకుంటున్నవా పిల్లా? వీడు పుట్టినప్పుడు నాకు గట్లనే ఆకలికి కడుపు కాలేది. మా అత్త చూడకుండ అటికె కుండకు అంటిన మాడన్నం గీకి, కొంగుల దాసుకొని తిన్న. అడగొచ్చని నాకు ఎవలు చెప్పలే."

నా భార్య కంచం ఆమె వైపు జరిపింది. "ఇప్పుడు తినుండ్రి అత్తమ్మా."

"నాకెందుకు? నేనేమన్న బాలింతనా?" అంటూనే అవ్వ ఒక గుడ్డు తీసుకుంది.

ఈ కథను చాలా ఏళ్లు నా వీరగాథగానే చెప్పుకు తిరిగాను. వయసు మీదపడ్డాక గానీ ఒక సంగతి తోచలేదు. ఆ మాడన్నం తిని అవ్వ పాలిచ్చి పెంచింది నన్నే. ఇప్పుడు ఏ బాలింత ఇంటికి పోయినా బిడ్డ ఎవరి పోలిక అని అడగను. తల్లి తిన్నదా, ఏం తిన్నది, ఇంకింత పెట్టండి అంటాను. ముసలాయనకు చాదస్తం అని నవ్వుతారు. నవ్వనీ. ఆ తల్లికి కంచం నిండా వడ్డించేదాకా కుర్చీ వదలను. మర్యాదకు నాకూ ఇంత వడ్డిస్తారు. వద్దంటే బాగుండదు కదా!