బాబాయి బిగపట్టిన ఊపిరి

ఆ ఎక్స్‌రే పరిశోధనశాలలో ఆయన్ని అందరూ కుర్చీ బాబాయి అంటారు. మైదానమంత వలయంలో ఎలక్ట్రాన్లు పరుగులు తీస్తుంటే పుట్టే ఎక్స్‌రే కిరణం రోగిని కూర్చోబెట్టే గదిలోకి సన్నని గీతలా వస్తుంది. కిరణం ఉన్నచోటి నుంచి కదలదు కాబట్టి, రోగినే కుర్చీతో సహా మెల్లగా పైకి లేపాలి. ఆ మీట నొక్కేది బాబాయే. సీసపు గోడకు ఇవతల కూర్చుని, మైకు మూతికి ఆనించుకుని, "ఊపిరి బిగపట్టండి" అంటాడు. అనడమేమిటి, తనూ బిగపడతాడు. బుగ్గలు ఉబ్బుతాయి, కళ్ళు మిటకరిస్తాయి. "ఇక వదలండి" అన్నాకే మళ్ళీ మనుషుల్లో పడతాడు. ఇంట్లో భార్య సూదిలో దారం ఎక్కిస్తున్నా ఇదే వరస. "గుచ్చుకుంటే నా వేలికి గుచ్చుకుంటుంది, మధ్యలో మీకెందుకండీ ఈ అవస్థ?" అని ఆవిడ నెత్తి కొట్టుకుంటుంది.

మొన్నొక ముసలమ్మ ఊపిరితిత్తుల ఫొటో తీయించుకోవడానికి వచ్చింది. ఒకటే దగ్గు. రెండుసార్లు తీస్తే రెండూ అలుక్కుపోయాయి. ఒంటికి తగిలే కిరణాలకు ఓ హద్దుంటుంది, ఇక ఒక్కసారే తీయగలం అన్నాడు డాక్టరు. "అమ్మా, ఈసారి ఇద్దరం కలిసి బిగపడదాం," అన్నాడు బాబాయి మైకులో. కుర్చీ లేచింది, ఆగింది. తెరమీద సన్నని గొట్టాలు సైతం ఆకు ఈనెల్లా తేలాయి. వాటిని చూస్తూ బాబాయి ఒళ్ళు మరిచిపోయాడు; "ఇక వదలండి" అనడం కూడా మరిచిపోయాడు. చివరికి లోపలి నుంచి ముసలమ్మే పలికింది:

"కుర్చీ ఆగగానే నేను వదిలేశాను గానీ, నీ చప్పుడు లేదేం నాయనా? నువ్వూ వదిలెయ్యి. లేకపోతే రేపు ఈ కుర్చీలో నిన్ను కూర్చోబెడతారు!"